సబ్బు పెట్టి కడిగిన గొట్టం

మామగారు రిటైరై ఇంటికి వచ్చేశారు గానీ, ఆయన మాట మాత్రం ఇంకా ప్రయోగశాలలోనే ఉద్యోగం చేస్తోంది. ప్రయోగశాల తలుపు తీయగానే ఎదురుగా గోడమీద ఆయన చేతిరాతతో ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. "ప్రయోగానికి ముందు గొట్టాన్ని సబ్బుతో కడగాలి. అద్దంలా ఉండాలి. మసక గొట్టంలోంచి చూసేవాడికి మసక బుర్రే మిగులుతుంది." కొత్తగా చేరినవాళ్ళు ఆ చివరి వాక్యం చదివి నవ్వుకునేవారు. నవ్వుకుంటూనే కడిగేవారు.

కోడలూ ఇన్నేళ్ళూ అలాగే కడిగింది. ఆమె ముందు ఆయన శిష్యురాలు, ఆ తర్వాతే కోడలు. "మంచి విద్యార్థి దొరకడమే కష్టం, దొరికాక వదులుకుంటామా, ఇంటికే తెచ్చేసుకున్నాను" అని ఆయన నలుగురిలో గొప్పగా చెప్పుకునేవారు. ప్రయోగశాలలో ఆయన్ని "సార్" అనేది, ఇంట్లో "మామయ్యగారూ" అనేది. ఆమె భర్తకి గ్యాస్ అంటే వంటింట్లో సిలిండరూ, తిన్నది అరక్కపోతే కడుపులో ఉబ్బరమూ తప్ప మూడోది తెలీదు. తండ్రీ పెళ్ళామూ భోజనాల దగ్గర బుడగల గురించి కీచులాడుకుంటూంటే, మధ్యలో కూర్చుని ఇద్దరికీ మంచినీళ్ళు అందించేవాడు.

వాళ్ళ కీచులాటంతా ఒక్క ప్రశ్న మీదే. చమురు బావి అంటే నీళ్ళ బావిలా వెడల్పుగా ఏమీ ఉండదు. భూమిలోకి దిగేసిన ఒక పొడుగాటి ఇనప గొట్టం, దాని లోపల ఇంకో సన్న గొట్టం, దాని అడుగున పంపు, అంతే. భూమి ఇచ్చేది ఒట్టి చమురూ కాదు. దాంతోపాటు గ్యాసు బుడగలు బుడగలుగా వస్తుంది. పంపు చమురు తాగగలదు గానీ గ్యాసు తాగలేదు. ఎక్కువ తాగిందంటే ఉక్కిరిబిక్కిరై కాలిపోతుంది. అయితే బుడగ తేలిక కదా! పంపు నోటిదాకా వచ్చాక చమురు లోపలికి పోతుంటే, గ్యాసులో కొంత తనంతట తనే విడిపోయి, రెండు గొట్టాల మధ్య సందులోంచి పైకి పోతుంది. ఎంత విడిపోతుంది, ఎంత పంపులోకి పోతుంది? మామగారి జీవితమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

దానికోసం ఆయన నేల నుంచి పైకప్పు దాకా గొట్టంలో గొట్టం నిలబెట్టారు. రెండూ పారదర్శకమైనవే. కింద ఉన్న ట్యాంకు నుంచి నీళ్ళూ గాలీ కలిపి పంపిస్తే, బుడగలు ఎటు పోతున్నాయో కళ్ళారా చూడొచ్చు, మీటరు పెట్టి కొలవొచ్చు. కొలిచి కొలిచి ఒక లెక్క తేల్చారు. మామూలు ప్రవాహంలో నూటికి నలభై వంతుల గ్యాసు సందులోంచి పైకి పోతుంది, మిగతాది పంపే మింగాలి. అంత గ్యాసుకి తట్టుకునేలా చమురు కంపెనీ దిట్టమైన పంపులు దింపించింది. ఆ లెక్క మీద దింపిన పంపు ఇంతవరకూ ఒక్కటీ కాలిపోలేదు. అందుకే ఆయనకి సన్మానం తలపెట్టారు. ఆ లెక్కకి ఆయన పేరే పెడతారట. పెద్దాయన వారంరోజులుగా అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే కోడలి చేతులు పగిలాయి.

సబ్బు పడక వేళ్ళ సందులు ఎర్రగా పుండ్లయ్యాయి. రబ్బరు తొడుగులు వేసుకుంటే ఇంకా రేగింది. సబ్బు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరే, కొన్నాళ్ళు మామయ్యగారి అట్టకేసి చూడకుండా ఉంటే సరిపోతుందని నవ్వుకుని, ట్యాంకు ఖాళీ చేయించి, గొట్టాన్ని ఒట్టి నీళ్ళతో నాలుగుసార్లు కడిగి, గుడ్డతో తుడిచి ప్రయోగం మొదలుపెట్టింది.

బుడగలు లావుగా వచ్చాయి. ఎప్పుడూ ఆవగింజల్లా మెరుస్తూ వచ్చేవి, ఇప్పుడు ఒకదాన్నొకటి మింగి గోలీలంత అయ్యాయి. అంత లావు బుడగని పంపు నోటివైపు నీరు లాగలేకపోయింది. అవి నోటి పక్కనుంచి తప్పుకుని బుడుంగు బుడుంగుమంటూ సందులోంచి పైకి పోయాయి. మీటరు డెబ్భై దాటింది.

మీటరు చెడిపోయిందనుకుంది. మార్చింది. మళ్ళీ డెబ్భై. అప్పుడు ఎందుకు తోచిందో గానీ, సబ్బు సీసా మూతలో రెండు చుక్కలు పోసి ట్యాంకులో కలిపింది. కాసేపటికి గోలీలు మాయమయ్యాయి. ఆవగింజలు వచ్చాయి. సబ్బు నీళ్ళలో బుడగలు ఒకదానితో ఒకటి కలవవు. చిన్న బుడగకి సొంత బలం ఉండదు, నీళ్ళు ఎటు లాగితే అటే పోతుంది. అంకె మెల్లమెల్లగా జారుకుంటూ వచ్చి నలభై దగ్గర నిలబడింది.

ఆమె గోడమీది అట్టకేసి చూసింది. గొట్టం అద్దంలా మెరవాలన్న పట్టుదలతో రోజూ కొంచెం సబ్బు మిగిల్చి, ఇన్నేళ్ళూ వాళ్ళు కొలిచింది సబ్బు నీళ్ళని! ఆ బావుల చమురు నురగ పట్టే రకం కాదు. అందులో బుడగలు లావుగానే ఉంటాయి. నూటికి నలభై కాదు, డెబ్భై వంతులు సందులోంచే పైకి వస్తూ ఉండాలి.

పంపులు ఎందుకు కాలిపోలేదో ఇప్పుడు అర్థమైంది. వాటిదాకా గ్యాసు రావడమే లేదు. పంపు చల్లగా ఉంది కదా అని అందరూ పంపునే చూసి చప్పట్లు కొట్టారు. సందులోంచి వచ్చేది ఎక్కడికి పోతోందో ఒక్కరూ చూడలేదు.

ఎక్కడికి పోతోందో ఆమెకి తెలుసు. రేడియో నెత్తిమీదికి.

రేడియో అంటే ఆ బావుల దగ్గర పనిచేసే మనిషి. మైకు అక్కర్లేని గొంతు, ఆపు లేని మాట. అందుకని ఆ పేరు. ఆమె అతన్ని ఎన్నడూ చూడలేదు. రోజూ మధ్యాహ్నం ఫోను చేసి, సందులోంచి ఎంత గ్యాసు వస్తోందో బావి దగ్గర గేజి చూపించే అంకె చెప్పడం అతని పని. అంకె చెప్పడానికి అర నిమిషం చాలు. మిగతా పావుగంటా ఊళ్ళో సంగతులు. మొదటి రోజే "చెల్లెమ్మా" అన్నాడు. ఆమె కూడా "అన్నయ్యా" అనేసింది. "మీ వదిన ఇవాళ నామీద అలిగింది చెల్లెమ్మా, నా గొంతు విని విని చెవుల్లో దూది పెట్టుకుంది" అనేవాడు. ఆ ఫోను పెట్టేశాక ఆమె ముఖంలో నవ్వు సాయంత్రం దాకా పోయేది కాదు.

ఆ గేజి ఉండేది బావి మూతి చుట్టూ తవ్విన సిమెంటు గుంటలో. ఆరడుగుల లోతు, దిగడానికి ఇనప నిచ్చెన. సందులోంచి వచ్చే గ్యాసుని వదిలే గొట్టం ఆ గుంట గట్టు మీదే పొట్టిగా తెరుచుకుని ఉంటుంది. వచ్చేది కాస్తేనని లెక్క చెప్పింది కాబట్టి దూరంగా తీసుకుపోలేదు, గ్యాసు తగిలితే మోగే అలారమూ పెట్టలేదు. ఆ చమురులోంచి వచ్చే గ్యాసేమో గాలికన్నా బరువు. పల్లం ఎక్కడుంటే అక్కడికి దిగి కూర్చుంటుంది. వాసన వస్తుందిగా అంటారేమో, అక్కడ పనిచేసేవాళ్ళకి చమురు వాసన అన్నం వాసనంత మామూలు. ఇన్నాళ్ళూ ఆ గుంటలు ఆరుబయట ఉండేవి. గాలి వీచి తుడుచుకుపోయేది.

ఈసారి వానలకి ముందు రేడియోనే అడిగాడు. "గుంట మీద ఒక రేకు వేయించకూడదూ, నేను తడిస్తే తడిశాను, గేజి తడిసిపోతోంది చెల్లెమ్మా" అన్నాడు. వేయొచ్చా అని కంపెనీ ప్రయోగశాలని అడిగింది. ఆమె నలభై వంతుల లెక్క కట్టి, వేయొచ్చని సంతకం పెట్టింది. రేకులు వేశారు, పక్కలకి టార్పాలిన్ పట్టాలు కూడా కట్టారు. రేడియో ఎంత మురిసిపోయాడో! "నీ పుణ్యమా అని దొరబాబులా ఉన్నాను" అన్నాడు.

అతను చెప్పే అంకె లెక్కకన్నా ఎప్పుడూ ఎక్కువే ఉండేది. "గేజి ముసలిదైపోయిందిలే, కాస్త తగ్గించి వేసుకో" అన్నారు మామగారు. తగ్గించి వేసుకుంది. కొత్త గేజి పెట్టినా ఎక్కువే చూపించింది. అదీ తగ్గించింది. బావి నిజం చెబుతూంటే ఆమె రోజూ దాని నోరు నొక్కేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మామగారు అద్దం ముందే ఉన్నారు.

"రా అమ్మా, సమయానికి వచ్చావు. 'నేను కనిపెట్టింది' అననా, 'మేము కనిపెట్టింది' అననా? 'మేము' అంటే వినయంగా ఉంటుంది కదూ?"

"సార్," అంది ఆమె.

ఇంట్లో ఆమె నోట ఆ మాట ఆయన ఎప్పుడూ వినలేదు. చేతిలో కాయితం మడిచి కూర్చున్నారు. ఆమె చెప్పింది. ఆయన అంతా విన్నారు. చివరికి "రేపు చూపించు" అన్నారు.

మర్నాడు చూపించింది. ఒట్టి నీళ్ళలో గోలీలు పైకి పోతుంటే ఆయన గొట్టానికి ముఖం ఆనించి చాలాసేపు చూశారు. తర్వాత తన చేత్తోనే సబ్బు చుక్కలు వేసి, అవి ఆవగింజలయ్యేదాకా కదలకుండా నిలబడ్డారు. ఆమె స్టూలు జరిపింది.

"నా చేతులతో కడిగానమ్మా," అన్నారు. "మొదట్లో ఎవరికీ అప్పజెప్పకుండా నేనే కడిగేవాణ్ణి."

"తెలియక జరిగింది సార్. ఇప్పుడు తెలిసింది కదా. ఇవాళే కంపెనీకి చెప్పేద్దాం. ఆ రేకులు..."

"చెబుదాం. చెప్పకుండా ఎలా ఉంటాం? సభ ఎల్లుండే కదా. అది కానీ. ఆ మర్నాడు నేనే వెళ్ళి చెబుతాను. నా నోటితో చెబుతాను. ఇన్నేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు, ఈ రెండు రోజుల్లో కొంప మునుగుతుందా?"

ఆమె సబ్బు సీసాకి మూత బిగించింది.

"నిన్నెప్పుడైనా ఏమైనా అడిగానా అమ్మా?"

నిజమే, ఎప్పుడూ అడగలేదు. చదువు చెప్పారు, ఇల్లు ఇచ్చారు, కన్నకూతురికన్నా ఎక్కువగా చూసుకున్నారు. ఇప్పుడు అడగడం కూడా కాదు, బతిమాలుతున్నారు. ఆమె తల ఊపింది. ఆయన మీద జాలితో ఒప్పుకున్నానని చాలాకాలం తనకి తను చెప్పుకుంది. అందులో సగమే నిజం. రేకులు వేయొచ్చన్న కాయితం మీద సంతకం ఎవరిదో ఆమెకి బాగా గుర్తుంది.

మధ్యాహ్నం ఫోను మోగింది.

"రేడియో మాట్లాడుతున్నాను. ఇవాళ గాలి స్తంభించిపోయింది చెల్లెమ్మా. ఆకు కదిలితే ఒట్టు. చొక్కా పిండితే బిందెడు నీళ్ళొచ్చేలా ఉన్నాయి. ఇదుగో, అంకె రాసుకో..."

"అన్నయ్యా, గుంటలోకి దిగారా?"

"దిగక, అంకె కల్లోకి వస్తుందా? దిగాను, వచ్చాను. కాస్త తల దిమ్ముగా ఉందనుకో. ఉక్క కదా."

"అన్నయ్యా, నా మాట వినండి. రేపూ ఎల్లుండీ గుంటలోకి దిగకండి."

"ఎందుకు చెల్లెమ్మా?"

సరిగ్గా అక్కడ ఆమె నోరు ఆగిపోయింది. సబ్బు అని ఒక్క మాట. గ్యాసు అని ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది. అద్దాల తలుపు అవతల వరండాలో మామగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు. ఉపన్యాసం కాబోలు.

"ఊరికే. జాగ్రత్త కోసం," అంది.

రేడియో పెద్దగా నవ్వాడు. "బాగుంది! మీ మామగారి లెక్క ప్రకారం ఆ గుంటలో చీమ కూడా చావదు. నువ్వే కదా రేకు వేయించావు? ఎవరైనా నీకేమైనా చెప్పారా?"

"అదేం లేదు. నా మాటగా దిగకండి. అంకెలు అక్కర్లేదు ఈ రెండు రోజులూ."

"ఎల్లుండి సభ కదా? పెద్ద తెర మీద మా బావుల అంకెలు వేస్తారట కదా?"

"లేకపోయినా పర్లేదు. దిగనని చెప్పండి."

"సరే చెల్లెమ్మా. నువ్వింతగా చెబుతుంటే కాదంటానా? దిగన్లే." కాసేపాగి, "ఎందుకో చెబితే బాగుండేది," అని మళ్ళీ నవ్వి ఫోను పెట్టేశాడు.

చెప్పవలసింది చెప్పేశాననుకుంది ఆమె. మనిషీ దక్కాడు, పెద్దాయన పరువూ దక్కింది. ఆ రాత్రి బాగానే నిద్రపోయింది కూడా. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు రేడియో గుంట జోలికి పోలేదు. ఫోను చేసి అంకె లేని కబుర్లు మాత్రం చెప్పాడు.

సభ రోజున హాలు కిక్కిరిసిపోయింది. మామగారు ఇస్త్రీ చొక్కాలో సన్నగా కనిపించారు. కంపెనీ పెద్ద లేచి, "ఈయన లెక్క నమ్మి దింపిన పంపు ఒక్కటీ కాలిపోలేదు" అనగానే చప్పట్లు మోగిపోయాయి. మామగారు తల దించుకున్నారు. అందరూ వినయం అనుకున్నారు. తెరమీద బావి అంకెలు వరసగా వచ్చాయి. ఆమె తగ్గించి వేసిన అంకెలు. లెక్క గీత మీద ముత్యాల్లా కూర్చున్నాయి. చివర రెండు రోజులూ ఖాళీ.

మధ్యాహ్నమైంది. ఒళ్ళో పెట్టుకున్న ఫోను మోగలేదు. ఆమె ఒకటికి నాలుగుసార్లు చూసుకుంది. మాట విన్నాడు, సభలో ఉన్నానని ఫోను కూడా చేయలేదు, ఎంత మంచివాడు అనుకుంది. ఒంట్లోంచి బరువేదో దిగిపోయినట్టయింది.

భోజనాలకి లేస్తుంటే కంపెనీ పెద్ద ఫోను చెవిన పెట్టుకుని ఓ మూలకి నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని ముఖం చూసి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అక్కడే, ఆ మూలనే అతన్ని నిలబెట్టి ఆమె అంతా చెప్పేసింది. సబ్బు, నలభై, డెబ్భై, రేకులు, సంతకం. మామగారు పక్కకి వచ్చి నిలబడి, "నేనే ఆపమన్నాను," అన్నారు. ఆ సాయంత్రానికల్లా అన్ని బావుల మీదా రేకులు పీకేశారు, గుంటల్లోకి ఎవరూ దిగకూడదని కట్టడి చేశారు. మొత్తం పని ఒక్క పూటలో అయిపోయింది. ఒక్క పూట చాలు దానికి.

రెండు రోజుల తర్వాత రేడియో ఇంటికి వెళ్ళారు ఇద్దరూ. "నువ్వు మాట్లాడకు, నేను చెబుతాను" అన్నారు మామగారు కారులో.

ఒకటే గది, ముందు చిన్న వసారా. కిటికీ పక్కన కుట్టు మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఇంత చిన్న గదిలో అంత గొంతు ఎలా పట్టేదో అనిపించింది ఆమెకి. గోడవారన కూర్చున్న రేడియో భార్య లేవలేదు. తలెత్తి చూసింది.

"చెల్లెమ్మంటే నువ్వేనా?"

"నేనే వదినా."

"నిన్ను చూడాలనుకున్నాడు. సభకి వస్తే చూడొచ్చు గానీ, సెలవు ఇవ్వలేదన్నాడు." వదిన గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయింది. "నువ్వు గుంటలోకి దిగొద్దన్నావట కదా?"

"అవును."

"ఇంటికొచ్చి అదే గోల. చెల్లెమ్మ దిగొద్దంది, ఎందుకన్నదో చెప్పలేదు అని. అన్నం తింటూ అదే. వాళ్ళ మామగారితో ఏమైనా మాట వచ్చిందేమో, పాపం ఆ పిల్ల మనసు బాగాలేదేమో అన్నాడు. సభ రోజున పొద్దున్నే లేచి, ఇంతమంది ముందు మా అంకె లేకపోతే చెల్లెమ్మకి నామోషీ, ఒక్కసారి దిగి చూసొచ్చేస్తాను, ఆశ్చర్యపోతుంది అన్నాడు." కుట్టు మిషను మీది చొక్కాకేసి చూసింది. "నిచ్చెన దగ్గరే పడి ఉన్నాడట. ఎందుకొద్దన్నావు చెల్లెమ్మా? ఆయనకి తెలీలేదు. నాకైనా చెప్పు."

మామగారు ముందుకు వంగారు. "అమ్మా, ఆ అమ్మాయి జాగ్రత్త కోసం..." అని, అంతకు మించి మాట పెగలక ఆగిపోయారు. సభలో అంత తడుముకోకుండా మాట్లాడిన మనిషి.

ఆమె వెళ్ళి వదిన పక్కన నేలమీద కూర్చుంది. పగుళ్ళు ఇంకా మానని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"కాదు వదినా. ఆ గుంటలో గ్యాసు నిండుతుందని నాకు తెలుసు. ఆయన ఎందుకని అడిగినప్పుడు కూడా తెలుసు. మా లెక్క తప్పని తెలిసి, సభ అయ్యేదాకా బయటపెట్టకూడదనుకుని ఆయనకి చెప్పలేదు."

వదిన ఆమె చేతులకేసి చూసింది. తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది. కొట్టినా బాగుండేది.

"చెప్పుంటే దిగేవాడు కాదమ్మా," అంది వదిన. "ఆయన మొండివాడేం కాదు. చెప్తే వినేవాడు."